నాలుగు టాఫీల లెక్క

మా పై వాటాలో ఉండే పాపకి తొమ్మిదేళ్ళు. టైప్-1 డయాబెటిస్. పూటపూటకీ ఇన్సులిన్ సూది. మందు కాస్త ఎక్కువైనా, అన్నం కాస్త ఆలస్యమైనా రక్తంలో గ్లూకోజు జారిపోతుంది. చెమటలు పట్టి చేతులు వణుకుతాయి. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కిందికి దిగిందంటే వెంటనే 15 గ్రాముల తీపి కడుపులో పడాలి, పావుగంట ఆగి మళ్ళీ పరీక్ష చేసుకోవాలి. డాక్టర్లు చెప్పే లెక్క ఇది. గ్లూకోజు పొడి దగ్గరుంటే అంతకన్నా కావలసింది లేదు. బళ్ళోనో, ఆటోలోనో అది అందుబాటులో లేకపోతే? జేబులో చాక్లెట్లు ఉండాలి. వాళ్ళమ్మ ఓ సాయంత్రం మెట్ల దగ్గర ఆపి అడిగింది. "అన్నయ్యగారూ, పదిహేను గ్రాములంటే ఎన్ని చాక్లెట్లండీ? మీరు ఇలాంటివి రాస్తుంటారు కదా, కాస్త చూసి చెప్పండి."

చాక్లెట్ అని ఆవిడ అన్నది రూపాయి నిమ్మకాయ బిళ్ళని. మనకి కాగితం చుట్టినదల్లా చాక్లెట్టే. అందులో కోకో వాసన కూడా ఉండనక్కర్లేదు. ఒకటి తీసి కాగితం విప్పి చూశాను. ఓ పక్క పేరు, ఓ పక్క నవ్వుతున్న నిమ్మకాయ. పోషకాల పట్టిక మాత్రం లేదు. తయారీదారు ఎగ్గొట్టాడని కాదు. ప్యాకెట్టు ఉపరితలం వంద చదరపు సెంటీమీటర్లకు మించకపోతే ఆ వివరాలు దాని మీద వెయ్యనక్కర్లేదని మన నిబంధనలే చెబుతున్నాయి. వాటిని పెద్ద ప్యాకింగు మీద వేస్తే చాలు. అగ్గిపెట్టె కంటే చిన్న కాగితం మీద అంత పట్టిక అచ్చువేస్తే చదవడానికి భూతద్దం కావాలి కనుక నిబంధనను తప్పుపట్టలేం. అయితే ఆ పెద్ద ప్యాకింగు ఉండేది కొట్టులో. బిళ్ళ ఉండేది పిల్ల జేబులో.

వీధి చివరి కిరాణా కొట్టుకి వెళ్ళి ప్లాస్టిక్ డబ్బా కిందికి దింపమన్నాను. కొట్టు ఆయన దింపుతూనే, "డేట్ చూస్తున్నారా సార్? మొన్ననే వచ్చిన సరుకండి, భయం లేదు" అన్నాడు. డేట్ కాదు, వెనకవైపు చూడాలన్నాను. డబ్బా తిప్పాడు. ధర చీటీ సరిగ్గా పట్టిక మీదే అంటించి ఉంది. గోటితో గీకితే అంకెలు బయటపడ్డాయి. నికర బరువు 800 గ్రాములు, 200 బిళ్ళలు. అంటే ఒక్కోటి 4 గ్రాములు. వంద గ్రాములకు కార్బోహైడ్రేట్లు 97 గ్రాములు. బిళ్ళకి 3.9 గ్రాములన్నమాట. పదిహేనుకి నాలుగు.

నాలుగు బిళ్ళలు. చప్పరిస్తూ కూర్చోకుండా నమిలి మింగాలి. మిఠాయి మీద లేబుల్ ఎందుకు, అందులో ఉండేది పంచదారే అని ఎవరికి తెలియదు అని వెటకరించేవాళ్ళకి నా దగ్గర ఉన్న మొదటి జవాబు ఇదే. పంచదార ఉందా లేదా అని అడగడానికి ఎవరూ డబ్బా తిప్పరు. ఎంత ఉందో తెలియడానికి తిప్పుతారు.

అదే పట్టికలో ఇంకో వరస నన్ను కాసేపు ఆపేసింది. కార్బోహైడ్రేట్లు 97 గ్రాములు, దాని కింద మొత్తం చక్కెరలు 72 గ్రాములు. మరి మిగతా పాతిక గ్రాములు ఏమిటి? నిమ్మ బిళ్ళలో పిండి లేదు, పీచు లేదు. నోట్లో వేసుకుంటే ఆసాంతం తీపే.

దీని గుట్టు పాకంలో ఉంది. ఇంట్లో పాకం పట్టినవాళ్ళెవరికైనా తెలుసు, ఉత్త పంచదార పాకం చల్లారితే పలుకులు కడుతుంది. అందుకే గులాబ్ జామ్ పాకంలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండుతారు. ఆ పులుపు పంచదార అణువుల్లో కొన్నింటిని గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. రకరకాల అణువులు కలిసిన పాకం వరసగా పేరుకుని పలుకు కట్టలేదు. టాఫీ కంపెనీ ఇదే పని లిక్విడ్ గ్లూకోజుతో చేస్తుంది. పేరులో గ్లూకోజు ఉన్నా అది ఒట్టి గ్లూకోజు కాదు. మొక్కజొన్న పిండిని ఆమ్లంతోనో ఎంజైములతోనో సగంలో ఆపేసేలా విరగ్గొడితే వచ్చే చిక్కటి ద్రవం. అందులో విడి గ్లూకోజు కొంత, రెండేసి అతుక్కుని ఉన్న మాల్టోజు కొంత, మిగిలినదంతా మూడు, నాలుగు, పది గ్లూకోజులు ఇంకా చేతులు పట్టుకునే ఉన్న గొలుసులు.

లేబుల్ భాషలో చక్కెర అంటే ఒంటి అణువులు, జంట అణువులు మాత్రమే. మూడు నుంచి పైకి ఎన్ని అతుక్కున్నా అది చక్కెర లెక్కలోకి రాదు. కార్బోహైడ్రేట్ల లెక్కలోకి వస్తుంది. ఆ పాతిక గ్రాములూ ఆ గొలుసులే. ఈ తేడా ఒంటికి తెలియదు. చిన్నపేగులోకి దిగగానే ఎంజైములు వాటిని పుటుక్కున తెంచేస్తాయి, అన్నీ గ్లూకోజుగా రక్తంలో కలుస్తాయి. ఇందులో ఓ చమత్కారం కూడా ఉంది. మామూలు పంచదారలో సగమే గ్లూకోజు, రెండో సగం ఫ్రక్టోజు. అది ముందు కాలేయానికి వెళ్ళాలి. ఈ గొలుసుల్లో మాత్రం ఉన్నదంతా గ్లూకోజే. అంటే పట్టికలో చక్కెర అనిపించుకోని భాగమే రక్తంలో చక్కెరను పంచదార కంటే చురుగ్గా పెంచుతుంది. పై వాటా పాపకి పనికొచ్చేది అదే. షుగరున్న పెద్దవాళ్ళు ‘మొత్తం చక్కెరలు’ అన్న వరస ఒక్కటే చూసుకుని నిశ్చింతగా ఉంటే దెబ్బతినేదీ అక్కడే. ఇలాంటి గొలుసులే అయిన మాల్టోడెక్స్ట్రిన్ పేరు కనిపించిన ప్రతి పొడికీ, ప్రతి బిస్కెట్టుకీ ఇదే వర్తిస్తుంది. మిఠాయి లేబుల్ మీద ఒక్క అంకె చూసే ఓపికే ఉంటే నేను కార్బోహైడ్రేట్లు చూస్తాను. చక్కెర తర్వాత.

ఇక క్యాలరీలు. నిమ్మ బిళ్ళ డబ్బా మీద వంద గ్రాములకు 388 అని ఉంది. 97ని నాలుగుతో గుణిస్తే వచ్చేది సరిగ్గా అదే. ఈ నాలుగు వెనక ఓ పెద్దమనిషి ఉన్నాడు. అమెరికాలో విల్బర్ ఆట్‌వాటర్ అనే రసాయన శాస్త్రవేత్త 1890ల చివర్లో మంచం, బల్ల, కుర్చీ ఉన్న ఓ చిన్న గది కట్టించి, మనుషులను రోజుల తరబడి అందులో ఉంచి, వాళ్ళు తిన్నదీ, విసర్జించినదీ, ఒంటి నుంచి వెలువడిన వేడీ అంతా కొలిచాడు. గ్రాము పిండిపదార్థానికి 4, మాంసకృత్తులకు 4, కొవ్వుకు 9 క్యాలరీలన్న సగటు లెక్క అలా వచ్చింది. ఇప్పటికీ ప్రపంచమంతా ప్యాకెట్ల మీద అచ్చయ్యే క్యాలరీలు చాలావరకు ఈ గుణకారమే.

సగటు కదా, ఒక్కోచోట తప్పుతుంది. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు బాదంపప్పులు తినిపించి కొలిస్తే 28 గ్రాములకు 129 క్యాలరీలే ఒంటికి చేరాయి. ఆట్‌వాటర్ లెక్కన 170 దాకా రావాలి. బాదం కణాల గోడలు గట్టివి. మనం ఎంత నమిలినా కొన్ని పగలవు, లోపలి నూనె అలాగే బయటికి పోతుంది. అయితే బాదం బర్ఫీ ప్రియులు ఇక్కడే సంబరపడకూడదు. మెత్తగా రుబ్బిన ముద్దలో ఆ గోడలన్నీ ముందే పగిలిపోయి ఉంటాయి. తర్వాతి పరీక్షల్లో బాదం ముద్ద లేబుల్ లెక్కకే దగ్గరగా వచ్చింది. అంటే తయారీదారు చేసిన పని మన పళ్ళు చెయ్యలేవు.

ఇక శాతాల వరస. మన దేశంలో 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం ఒకసారి తినే పరిమాణంలో రోజువారీ అవసరం ఎంత శాతమో వెయ్యాలి. దానికి కొలమానం రోజుకు 2,000 క్యాలరీలు తినే మనిషి. అతనికి కొవ్వు 67 గ్రాములు, అందులో సంతృప్త కొవ్వు 22, కలిపిన చక్కెర 50, సోడియం 2,000 మిల్లీగ్రాములు. ఈ యాభై ఎక్కడినుంచి వచ్చిందంటే 2,000లో పదో వంతు 200 క్యాలరీలు, దాన్ని ఆట్‌వాటర్ నాలుగుతో భాగించండి. పదో వంతుకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అందులో సగానికి తగ్గిస్తే ఇంకా మేలని కూడా చెప్పింది. ఆ రెండో మాట మన పట్టికల్లోకి రాలేదు. యాభైని పరిమితి అనకుండా అవసరం అన్న మాటకింద రాయడం నాకు మొదటినుంచీ మింగుడుపడదు. కలిపిన చక్కెర ఒంటికి ఒక్క గ్రాము కూడా అవసరం లేదు.

పైగా టాఫీలు తినేది 2,000 క్యాలరీల మనిషా? నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలకి మన పోషకాహార నిపుణులు పెట్టిన శక్తి లెక్క రోజుకు 1,360 క్యాలరీలు. వాళ్ళ పదో వంతు 34 గ్రాములు. బొమ్మలతో, కార్టూన్లతో పిల్లల కోసమే తయారైన ప్యాకెట్టు వెనక శాతాలు మాత్రం వాళ్ళ నాన్నవి.

‘ఒకసారి తినే పరిమాణం’ అన్నది కూడా తయారీదారు చేతిలో రబ్బరు లాంటిది. దీనికి పేరుమోసిన ఉదాహరణ అమెరికాలో టిక్‌టాక్ బిళ్ళ. ఫోన్లో ఉండే యాప్ కాదు, బుల్లి డబ్బాలో గలగలలాడే తెల్ల బిళ్ళ. దాంట్లో తొంభై శాతం పైగా చక్కెరే. కానీ ఒకసారి తినే పరిమాణం ఒక్క బిళ్ళ, దాని బరువు అర గ్రాముకు లోపు. అర గ్రాముకు తక్కువైన చక్కెరను సున్నా అని రాసుకోవచ్చని అక్కడి నిబంధన. దాంతో చక్కెర ముద్ద మీద చక్కెర సున్నా అని అచ్చయింది. అందుకే మన దగ్గర వంద గ్రాముల లెక్కన వెయ్యమనడం మంచిదయింది. పరిమాణం ఎంత చిన్నగా కోసినా వంద గ్రాముల దగ్గర దొరికిపోతారు.

మా పెద్దమ్మ సంగతి వేరు. డెబ్బై నాలుగేళ్ళు, పదిహేనేళ్ళుగా షుగరు. పోయిన సంక్రాంతికి బంధువులెవరో తెచ్చిన మిఠాయి పెట్టె ముందు పెట్టుకుని కూర్చుంది. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే సంజాయిషీ మొదలెట్టింది. "పంచదార లేదంట్రా ఇందులో. అంతా బెల్లమే. పెట్టె మీద కూడా రాశాడు చూడు."

రాశాడు. ‘తెల్ల పంచదార వాడలేదు’ అని పచ్చటి ఆకు బొమ్మ పక్కన పెద్ద అక్షరాలతో. అబద్ధం కాదది. వెనక్కి తిప్పితే పదార్థాల జాబితాలో మొదటి పేరు బెల్లం. బరువులో ఏది ఎక్కువైతే అది ముందు రాయాలన్నది నియమం. బెల్లంలో నూటికి ఎనభై అయిదు వంతులకు అటూ ఇటూ చక్కెరలే. మిగిలింది తేమ, కాస్త ఖనిజాలు, ఆ కమ్మటి వాసన. పెద్దమ్మ క్లోమానికి బెల్లానికీ పంచదారకీ ఉన్న తేడా చెప్పుకోదగ్గది కాదు. చట్టప్రకారం ‘షుగర్ ఫ్రీ’ అనాలంటే వంద గ్రాముల్లో చక్కెరలు అర గ్రాముకు మించకూడదు. తయారీదారుకి ఆ సంగతి తెలుసు కాబట్టే ఆ మాట వాడకుండా పక్కనుంచి వెళ్ళాడు. ముందు వైపు ప్రకటన, వెనక వైపు వాంగ్మూలం. పెట్టె పట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది చదివేది ముందు వైపే.

జాబితాలో ఇంకో కిటుకు ఉంది. పంచదార, లిక్విడ్ గ్లూకోజు, ఇన్వర్ట్ సిరప్, తేనె అని విడివిడిగా రాస్తే ఒక్కొక్కదాని బరువు తగ్గి అవన్నీ కిందికి జరుగుతాయి, గోధుమపిండో ఓట్సో మొదటి స్థానంలో కూర్చుంటుంది. అన్నీ కలిపితే మొదటి పేరు తీపిదే. నిజంగానే షుగర్ ఫ్రీ అన్న పెట్టెల్లో మాల్టిటాల్ లాంటి, పాలియాల్స్ అనే తీపి పదార్థాలు ఉంటాయి. గ్రాముకు రెండు క్యాలరీల పైచిలుకు శక్తి వాటిలోనూ ఉంది, ఎక్కువ తింటే కడుపు కదులుతుంది. ఆ హెచ్చరిక కూడా చిన్న అక్షరాల్లో ఉంటుంది. నెయ్యి, జీడిపప్పు క్యాలరీలు ఎక్కడికీ పోవు. అన్నట్టు, పై వాటా పాప జేబులో పొరపాటున ఈ షుగర్ ఫ్రీ బిళ్ళలు పడితే, కావలసిన వేళకి అవి అక్కరకు రావు.

ఇంతవరకూ చెప్పిందంతా లేబుల్ ఉన్న మిఠాయి గురించి. మన ఊళ్ళలో పండక్కీ పబ్బానికీ కొనేది ఎక్కువగా లేబుల్ లేనిదే. మిఠాయి కొట్లో అద్దాల వెనక ట్రేలు, తూకం, అట్టపెట్టె. 2020 అక్టోబరు 1 నుంచి ట్రే దగ్గర ఎప్పటిలోగా తినాలో తేదీ పెట్టాలన్న నియమం వచ్చింది. పోషకాల సంగతి లేదు. ఆఫీసుల్లో నూనె, పంచదార ఎంతుందో చెప్పే బోర్డులు పెట్టమని కేంద్ర ఆరోగ్య శాఖ సూచిస్తే, 2025 జూలైలో అది సమోసా, జిలేబీల మీద సిగరెట్టు పెట్టె తరహా హెచ్చరికలని ప్రచారమైపోయింది. అలాంటిదేమీ లేదని ప్రభుత్వమే వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. జిలేబీ జోలికొస్తే ఊరుకోమని జనం చెప్పకనే చెప్పారు.

లేబుల్ లేకపోతే మనమే రాసుకోవచ్చు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 భారతీయ ఆహార పదార్థాల పోషకాలను విశ్లేషించి పట్టికలు ప్రచురించింది. వాటినీ, వంటింటి కొలతలనూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు. పెద్దమ్మ సున్నుండల కొలత నాకు నోటికి వచ్చు. అరకిలో మినప్పప్పు, నాలుగొందల గ్రాముల బెల్లం, పావుకిలో నెయ్యి. పప్పు 1,650 క్యాలరీలు, బెల్లం 1,460, నెయ్యి 2,250. అన్నీ ఉజ్జాయింపు అంకెలు. మొత్తం 5,360. ముద్ద బరువు 1,150 గ్రాములు. అంటే వంద గ్రాములకు దాదాపు 466 క్యాలరీలు, 10 గ్రాముల మాంసకృత్తులు, 30 గ్రాముల చక్కెరలు, 22 గ్రాముల కొవ్వు, అందులో సంతృప్త కొవ్వు 13న్నర.

ఒక్కో ఉండ 40 గ్రాములు అనుకుందాం. 186 క్యాలరీలు, 4 గ్రాముల మాంసకృత్తులు, 12 గ్రాముల చక్కెర, 5.4 గ్రాముల సంతృప్త కొవ్వు. చక్కెరలో రోజు పరిమితికి నాలుగో వంతు, సంతృప్త కొవ్వులోనూ నాలుగో వంతు. ఒక్క సున్నుండతో! రాసుకునేదాకా నేనూ బెల్లం గురించే భయపడేవాణ్ణి. నెయ్యి అంతే గట్టిగా తూగుతుందని అనుకోలేదు. నిమ్మ బిళ్ళలో కొవ్వు సున్నా, మాంసకృత్తులు సున్నా. సున్నుండ దానికన్నా మంచిదా అంటే, ఎవరికి, ఏ వేళ అని తిరిగి అడగాలి. బడినుంచి ఆకలిగా వచ్చిన బక్కపిల్లాడికి అది పోషకాహారమే. గ్లూకోజు పడిపోయిన పాపకి మాత్రం నెయ్యి అడ్డం. కొవ్వు ఉన్న తీపి కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది. అసలైన మిల్క్ చాక్లెట్టు కూడా అందుకే ఆ సమయానికి పనికిరాదు.

సరే, ఇన్ని అంకెలు ముందు పెడితే జనం తక్కువ తింటారా? అబ్బే, పెద్దగా లేదు. క్యాలరీలు రాసి పెట్టడం వల్ల ఎంత తేడా వస్తుందని జరిగిన పరిశోధనలన్నిటినీ కోక్రేన్ సంస్థ 2025లో జల్లెడ పట్టింది. తేలింది సగటున 1.8 శాతం తగ్గుదల. 600 క్యాలరీల భోజనంలో 11 క్యాలరీలు. మన నిమ్మ బిళ్ళ ఒక్కటి కూడా కాదు! లేబుల్ చదివి జనం మారిపోతారనుకునేవాళ్ళు ఈ అంకె చూసి నీరసపడతారు.

నాకు నీరసం రాలేదు. లేబుల్ చదివేవాళ్ళలో మనకి కనబడని ఇంకొకడున్నాడు, దాన్ని రాయాల్సిన తయారీదారు. 2019లో వచ్చిన ఓ సమగ్ర పరిశీలనలో, లేబులింగ్ తర్వాత కంపెనీలు తమ సరుకుల్లో ట్రాన్స్ కొవ్వును 64 శాతం తగ్గించుకున్నాయని తేలింది. తన గుట్టు తానే అచ్చువేయాల్సి వస్తే వంటవాడు చెయ్యి కాస్త మారుస్తాడు. మిఠాయిల్లో ట్రాన్స్ కొవ్వు వచ్చేది ముఖ్యంగా వనస్పతి నుంచి, అంటే మనం డాల్డా అని పిలిచేదాని నుంచి. నూనెలు, కొవ్వుల్లో అది 2 శాతానికి మించకూడదన్న హద్దు 2022 జనవరి నుంచి మన దేశంలో అమల్లో ఉంది. 

చిలీ దేశం 2016 జూన్‌లో ఇంకో దారి పట్టింది. చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు, క్యాలరీలు హద్దు దాటితే ప్యాకెట్టు ముందు నల్లటి ఎనిమిది మూలల ముద్ర. అంకెలు లేవు, ‘ఎక్కువ’ అన్న మాటే. ఇంకొన్ని ఆంక్షలూ తోడై, ముద్ర పడే స్థాయి తీపి పానీయాల కొనుగోళ్ళు 24 శాతం దాకా పడిపోయాయి. మన దగ్గర 2022 సెప్టెంబరు లేబులింగ్ ముసాయిదా నక్షత్రాల రేటింగు అంది. హెచ్చరికే కావాలని ఆరోగ్య కార్యకర్తలు కోర్టుకెళ్ళారు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ నిబంధనలు తేల్చడానికి మూడు నెలల గడువు పెట్టింది. నన్నడిగితే పానీయాలకీ, పొద్దుటి పూట తినే సీరియల్స్‌కీ, ఆరోగ్యం పేరుతో అమ్మే బిస్కెట్లకీ నల్ల ముద్రే సరైనది. అవి తమ తీపిని దాచుకుంటాయి కనుక. టాఫీ ఏమీ దాచదు. కొట్లో ప్రతి టాఫీ మీదా అదే ముద్ర పడితే అది అలంకారమైపోతుంది. దానికి కావలసింది పెద్ద అక్షరాల్లో బిళ్ళకి ఇన్ని గ్రాములని ఒక్క అంకె. అది వంద చదరపు సెంటీమీటర్లు లేని కాగితం మీదా పడుతుంది.

లేబుల్‌కి అసలే చేతకాని పనులు కొన్ని ఉన్నాయి. ఎంత తీపి తిన్నామన్న దానికన్నా అది పంటిని ఎంతసేపు అంటుకుందన్నది పళ్ళకి ముఖ్యం. ఈ సంగతి తెలిసిన తీరు మాత్రం తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. స్వీడన్‌లో లుండ్ దగ్గరి విపెహోల్మ్ అనే ఆస్పత్రిలో 1940ల్లో, బుద్ధిమాంద్యం ఉన్న రోగుల మీద ప్రయోగం చేశారు. వాళ్ళ అనుమతి అన్న ప్రశ్నే లేదు. కావాలని జిగటగా తయారుచేయించిన టాఫీలు కొందరికి రోజుకు ఎనిమిది, కొందరికి ఇరవై నాలుగు. భోజనంతో పాటు తిన్న తీపి పళ్ళను పెద్దగా పాడుచెయ్యలేదు. మధ్యమధ్య నమిలిన టాఫీ మాత్రం నాశనం చేసింది. 1954లో ఫలితాలు అచ్చయ్యాక, పిల్లలకి తీపి వారానికి ఒక్క శనివారమే అన్న అలవాటు ఆ దేశంలో పుట్టింది. గ్రాముల పట్టికలో జిగటకి వరస లేదు.

రంగుకీ అంతే. అనుమతి ఉన్న రంగులు అంకెల ముసుగులో జాబితాలో కనిపిస్తాయి. అనుమతి లేనిదాన్ని ఎవరు రాస్తారు? 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు పీచు మిఠాయిని నిషేధించింది అందులో రోడమిన్-బి దొరికినందుకు. బట్టలకద్దే గులాబీ రంగు అది. అక్కడ ప్రయోగశాల పట్టుకుంది, పట్టిక కాదు. పోషకాల లెక్కన చూస్తే పీచు మిఠాయి నిజానికి అమాయకమైనది, చారెడు పంచదారని గంపెడు చేసి చూపిస్తుందంతే. 1897లో ఆ యంత్రం కనిపెట్టిన ఇద్దరిలో ఒకాయన అమెరికాలో పళ్ళ డాక్టరు. వృత్తికి గిరాకీ తానే పుట్టించుకున్నాడని నవ్వుకోవచ్చు.

పై వాటావాళ్ళకి నాలుగు అని చెప్పి, ఆ అంకె ఓ చీటీ మీద రాసిచ్చాను. వాళ్ళమ్మ నాలుగేసి బిళ్ళలు చిన్న జిప్ కవర్లలో వేసి, పైన మార్కర్‌తో ‘15 గ్రా.’ అని రాసి, ఒకటి బడి సంచిలో, ఒకటి నాట్యం సంచిలో, ఒకటి టీచరు దగ్గరా పెట్టింది.

పెద్దమ్మకి సున్నుండ లెక్క చదివి వినిపించాను. నాలుగో వంతు, నాలుగో వంతు అంటుంటే శ్రద్ధగానే వింది. "అంటే రోజుకొకటి తినొచ్చన్నమాట" అంది. సగం చాలన్నాను. సరేనంది. లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చి, కూరలు తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద తన చేత్తో చుట్టిన సున్నుండ ఒకటి పెట్టింది. 40 అనుకున్నాను కదా. కాటా 72 చూపించింది.